తొలి ఇరవై ఎనిమిది రోజులు

చైత్రం నుండి జ్యేష్ఠం వరకు మా నూజివీడు తోటలలో జనసంచారం విస్తారంగా ఉంటుంది. చిన్నరసాలు, బంగినపల్లి కోతకు వచ్చే కాలమది. కాయల గంపలు మోసే స్త్రీలలో నెలలు నిండుతున్న వారిని నేను పలుమార్లు చూశాను. తోట యజమాని ఇంట మాత్రం కోడలికి సీమంతం జరిపి, బిందెడు నీరైనా ఎత్తనీయరు. ఈ ఇద్దరు తల్లుల బిడ్డలకు పుట్టుకకు పూర్వమే అంతరం ఏర్పడుతున్నది.

మొదట సంతోషించదగిన మాట. 1971లో మన దేశాన పుట్టిన ప్రతి వేయి మంది శిశువులలో 129 మంది ఏడాది నిండకనే మరణించారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి, ఆంధ్రప్రదేశ్‌లో 24కి దిగింది. బొడ్డుపై బూడిద, పేడ పెట్టడం వలన సోకే ధనుర్వాతం ఒకప్పుడు ఎందరో పసికందులను బలిగొన్నది. తల్లికి టీకా, పరిశుభ్రమైన కాన్పు వలన ఆ వ్యాధి నిర్మూలన స్థాయికి చేరినట్లు 2015లో ధ్రువీకరణ జరిగింది.

అయితే ఈ మేలు అందరికీ సమానంగా అందలేదు. అదే 2020లో దేశంలోని గ్రామాలలో వేయికి 31 మంది, పట్టణాలలో 19 మంది శిశువులు మరణించారు, కేరళలో ఆరుగురే. ఏడాదిలోపు మరణాలలో అధికభాగం ఇప్పుడు తొలి 28 రోజులలోనే సంభవిస్తున్నవి. నెలలు నిండక పుట్టడం, బరువు తక్కువగా ఉండడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, సూక్ష్మజీవుల దోషం ముఖ్య కారణాలు. రక్తహీనత, విశ్రాంతి లేమి, పిన్నవయసు గర్భం వీటికి తోడవుతాయి. 2019-21 సర్వేలో మన రాష్ట్రాన 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేండ్లు నిండక మునుపే వివాహం జరిగినట్లు తేలింది.

చరకుడు గర్భిణికి నెలనెలకు పాలు, నేయి, మితాహారం విధించాడు. గురుకులంలో మేము ఆ అధ్యాయాన్ని కంఠస్థం చేశాము. కూలి మానితే పొయ్యి వెలగని స్త్రీ ఆ పాలు ఎక్కడ తెచ్చుకోవలెనని అప్పుడు మాకు తోచలేదు.

మరొక విషయం ఒప్పుకొనవలెను. పుట్టిన శిశువుకు తేనె, నేయి నాకించమని మన ప్రాచీన గ్రంథాలలో ఉన్నది. నేనూ చాలాకాలం అట్లే చెప్పాను, ఇప్పుడు మానివేశాను. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు ఏడాదిలోపు బిడ్డలలో కండరాలను చచ్చుబరిచే వ్యాధి కలిగించవచ్చును. ఆముదం పట్టడమూ తగదు. ముర్రుపాలు పిండి పారబోయడం అమృతాన్ని నేలపాలు చేయడమే; గంటలోపే బిడ్డకు పట్టవలెను. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీరైనా అక్కరలేదు. బొడ్డును పొడిగా ఉంచి, ఏమీ రాయకూడదు. బరువు తక్కువైన బిడ్డను స్నానానికి, సాంబ్రాణి పొగకు తొందరపెట్టక, తల్లి ఎదపై చర్మానికి చర్మం తగిలేటట్లు పడుకోబెట్టి కప్పవలెను.

ఇంటి వద్ద శ్రద్ధ ఎంత పని చేస్తుందో తెలంగాణ సరిహద్దున ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు నిరూపించారు. గ్రామ స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఇంటింటా పసికందులను పరిశీలింపజేయగా, మూడవ ఏట నవజాత మరణాలు ఇతర గ్రామాలకంటె 62 శాతం తగ్గినట్లు 1999లో ప్రకటించారు. 2011 నుండి ఆశా కార్యకర్తలు ఈ విధంగానే ఇండ్లకు వస్తున్నారు. బిడ్డ పాలు మానినా, ఒళ్లు చల్లబడినా, జ్వరం వచ్చినా, రొమ్ము ఎగరవేస్తున్నా, అరికాళ్లు పచ్చబడినా గృహవైద్యం వద్దు. నా వద్దకూ తేవద్దు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

తోటలు గల పాఠకులకు ఒక విన్నపం. గర్భిణికి గంపలు మోసే పని తప్పించి, కాయలు ఏరే పని ఇచ్చి, కూలి తగ్గించకుండ ఇవ్వండి. కోతకు పొరుగూరి నుండి వచ్చిన ఆమె పేరు మన ఊరి ఆశా జాబితాలో ఉండకపోవచ్చును. ఆ కబురు మీరే పంపి, ఆశా వచ్చే రోజున తోట గేటు తాళం తీయించి ఉంచండి.