విద్యార్థుల సంగీతపత్రిక – నిర్మాణక్రమము

సంగీతము చెవికిఁ జెందినది. పత్రిక కంటికిఁ జెందినది. చెవి విన్నదానిని కంటికిఁ జూపునపుడు ఎచ్చట నేమి జాఱిపోవునో తెలిసికొనుటయే విద్యార్థులు సంగీతపత్రికను నడపుటవలని ముఖ్యప్రయోజనము. పాఠశాలలయందు వ్రాఁతపత్రికలును, అచ్చుపత్రికలును వెలువడుట క్రొత్త గాదు. కాని వానిలో సంగీతమునకు దొరకుచోటు తఱచుగా ఒక పాటయు, ఒక చిత్రమును మాత్రమే. సంగీతమునకే ప్రత్యేకముగా ఒక పత్రికను విద్యార్థులచేతఁ జేయింపఁదలఁచు పండితులకు దాని క్రమమును దెలుపుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇట్టి యత్నమునకు వయస్సు అడ్డు గాదు. జర్మనీదేశమున లైప్జిగ్ నగరమునందు 1834లో నూతన సంగీతపత్రికను వెలయించిన రాబర్టు షూమను అప్పటికి ఇరువదినాలుగేండ్లు నిండనివాఁడు. మన దేశమున చెన్నపురి సంగీతవిద్వత్సభవారి పత్రిక 1930లో ఆరంభమైనది. అంతకు ముందే, 1904లో, సుబ్బరామ దీక్షితులవారు ఎట్టయాపురమున తెలుఁగులిపిలోఁ బ్రకటించిన ‘సంగీతసంప్రదాయప్రదర్శిని’ గమకములకు వేర్వేఱు గుర్తుల నేర్పఱచి, స్వరలేఖనమున నెంత సూక్ష్మత సాధ్యమో నిరూపించినది. విద్యార్థులు అంతటి పని చేయనక్కఱలేదు. అందలి శ్రద్ధను మాత్రము ఆదర్శముగాఁ గొనవలెను.

మొదట పుటల లెక్క. ఒక కాగితమును మూఁడుమార్లు మడిచినచో 8 ఆకులు, అనఁగా 16 పుటలు వచ్చును. కావున సంచికను 16 పుటలకో, 32 పుటలకో నిర్ణయించుకొనుట సుకరము. 32 పుటలైనచో ముఖపత్రము, విషయసూచిక, సంపాదకీయములకు 4, స్వరసహితరచనలకు 8, సేకరించిన పాటలకు 8, ఒక విద్వాంసుని చరిత్రమునకు 4, ఒక వాద్యమును గూర్చిన వివరణమునకు 4, కచేరీల విమర్శకును పాఠకుల ప్రశ్నలకును 4 పుటలుగా విభజింపవచ్చును. చరిత్రములకును, వాద్యములకును తమ ప్రాంతమునుండియే విషయము నేఱుకొనుట మేలు. విజయనగరపు విద్యార్థులకు 1919లో అచ్చట నెలకొన్న సంగీతకళాశాలయు, దాని ప్రథమాధ్యక్షులగు ఆదిభట్ల నారాయణదాసుగారును గలరు. బొబ్బిలిసీమవారు గొల్లపల్లి పనివారికడకుఁ బోయి, పనసమ్రాను వీణగా మాఱు తెఱఁగును, 24 మెట్లు నిలుపు విధమును, నాలుగు వాయించుతంత్రులకును మూఁడు తాళతంత్రులకును గల భేదమును కన్నులారఁ జూచి వ్రాయఁగలరు.

పిమ్మట పనుల పంపకము. సంపాదకుఁడొక్కఁడే యన్నియుఁ జేయుట తగదు. పాడువారు, స్వరము వ్రాయువారు, సాహిత్యము పరిశీలించువారు, చిత్రములు గీయువారు, అచ్చుచిత్తులు దిద్దువారు వేర్వేఱుగా నుండవలెను. వ్రాసినవాఁడే దిద్దినచో తన తప్పు తనకుఁ గానరాదు.

స్వరలేఖనమున మూఁడు జాగ్రత్తలు కావలెను. ఒకటి, రాగనామముతోఁబాటు స్వరస్థానములను శిరోభాగమునఁ దెలుపుట. మాయామాళవగౌళయందలి శుద్ధరిషభమునకును, హరికాంభోజియందలి చతుశ్శ్రుతి రిషభమునకును ‘రి’ యనునొక్కటే యక్షరము. శిరోభాగము లేనిచో చదువరి యేది పాడవలెనో తెలియదు. రెండు, స్థాయిచిహ్నములు. తారస్థాయికిఁ బైచుక్క, మంద్రమునకుఁ గ్రిందిచుక్క. ఒక చుక్క రాలినచో స్వరము ఒక స్థాయి తప్పును. గణకయంత్రపు సాధారణమైన తెలుఁగు మీటలపలకయం దీ చుక్కలు లేవు. కావున స్వరపుటలను చేతితో వ్రాసి, ఛాయాచిత్రము తీసి యచ్చున కిచ్చుట క్షేమము. మూఁడు, తాళగణనము. ‘స’ ఒక యక్షరకాలము, ‘సా’ రెండు. పైగీఁత యున్నచో వేగము ద్విగుణము. ఆదితాళమున కావర్తము 8 అక్షరములు, అవి 4, 2, 2గా విభక్తములు. దిద్దువాఁడు పాడనేరకపోయినను ప్రతిపంక్తిని లెక్కించి, ఎచ్చట హెచ్చుతగ్గులున్నవో పట్టుకొనఁగలఁడు.

సాహిత్యమున వ్యాకరణపండితులకుఁ బని యెక్కువ. పాడునపుడు హ్రస్వము దీర్ఘమువలె సాగును. సాగినట్లే వ్రాసినచో ‘కల’ యను పదము ‘కాల’ యగును. స్వప్నము పోయి కాలము వచ్చును. అట్లే ‘నిన్నెఱుఁగ’ అనుదానిని తాళపు విఱుపునుబట్టి ‘నిన్నె – ఱుఁగ’ యని ముద్రించి విడిచినచో, ‘నిన్ను, ఎఱుఁగ’ యను విభాగము బాలునకుఁ దోఁపదు. కావున స్వరము క్రింద సాగుదలను గీఁతలతోఁ జూపి, పిదప సాహిత్యమును పదవిభాగముతో వేఱుగా మఱల ముద్రింపవలెను.

పత్రికలో నన్నింటికంటె విలువగలది సేకరించిన పాటల భాగము. కృతులు పుస్తకములయందును దొరకును. దంపుళ్లపాటయు, జోలపాటయు, నాట్లపాటయు పాడు ముదుసలి గతించినచో ఆ పాఠము ఆమెతోనే గతించును. బిరుదురాజు రామరాజుగారి ‘తెలుఁగు జానపద గేయ సాహిత్యము’ ఇట్టి సంపదను విద్వల్లోకమునకు గ్రంథరూపమునఁ జూపినది. గ్రామగ్రామమున నింకను మిగిలినదానిని అందుకొనఁగలవారు ఆ యిండ్ల పిల్లలే. ఇచ్చట పండితులకు నిగ్రహము వలయును. తెలంగాణపు పాటలోని ‘వచ్చిండు’ అను రూపమును ‘వచ్చెను’ అని దిద్దవలెనని చేయి తొందరపడును. కాని ‘వచ్చిండు’ ఐదు మాత్రలు, ‘వచ్చెను’ నాలుగే. దిద్దుటతో తాళము కుంటువడును. ఆ సీమ భాషకు సాక్ష్యమును నశించును. పాడినది పాడినట్లే యుంచి, వివరణమును అడుగునఁ జేర్పవలెను. పాడినవారి యనుమతిఁ గొని, పాట విన్న ఊరును, సంవత్సరమును వ్రాసియుంచుట విధి. చేతిలోని ఫోనుతో ధ్వనిని భద్రపఱచుట నేఁడు సులభము గనుక, వ్రాఁతను ధ్వనితో మఱల సరిచూడవలెను.

పరుల రచనలను గ్రహించునపుడు చట్టము నెఱుఁగవలెను. భారతదేశమున రచయిత జీవితకాలమును, ఆ పిమ్మట 60 సంవత్సరములును రచనకు హక్కు నిలుచును. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామివారి కృతులకు ఆ యడ్డు లేదు. ఇటీవలి చలనచిత్రగీతములను మాత్రము అనుమతి లేక యచ్చువేయరాదు.

అచ్చుచిత్తులను రెండుమార్లు చూడవలెను. మొదటిమాఱు ఒకఁడు మూలమును చదువ నింకొకఁడు చిత్తును జూచుట. రెండవమాఱు చిత్తునుండియే పాడించి వినుట. పాటను ముందుగా నెఱుఁగని బాలునిచేతఁ బాడించినచో పరీక్ష దృఢమగును. ఎఱిఁగినవాఁడు కాగితమునందు లేనిదానిని జ్ఞాపకమునుండి పూరించును. ఎఱుఁగనివాఁడు ఉన్నదానినే పాడును. అప్పటికిని మిగిలిన ప్రమాదములకు తరువాతి సంచికలో తప్పొప్పుల పట్టిక నీయవలెను. దానిని సిగ్గుగా నెంచరాదు. నేఁడచ్చైన పాఠమునే ఱేపటి తరగతి వల్లించును. దిద్దని తప్పు ఒక తరమునకుఁ బాఠాంతరమై నిలుచును.

ఇట్టి పత్రిక యేఁట రెండు సంచికలే వెలువడినను చాలును. దానిని సిద్ధము చేసిన బాలురును, బాలికలును అందఱు గాయకులు గాకపోవచ్చును. కాని విన్నదానిని విన్నట్లు వ్రాయుట, వ్రాసినదానిని మఱల వినుట వారి కలవడును. ఏ శాస్త్రమున కైనను ఆ యభ్యాసమే మొదటి మెట్టు.