చదివింది గుర్తుండాలంటే పుస్తకం మూసేయండి!



ఈ రోజు టాపిక్‌లోకి వెళ్లే ముందు ఒక చిన్న పని చేద్దాం. నిన్న మీరు ఫోన్‌లో చదివిన ఏదైనా ఒక ఆర్టికల్ తీసుకోండి. హెడ్డింగ్ వద్దు, లోపల ఏముందో మూడు పాయింట్లు చెప్పండి చూద్దాం. రావట్లేదా? కంగారు పడకండి, చాలామంది పరిస్థితి అదే.

నా సంగతి చెప్తాను. గ్రూప్-2కి ప్రిపేర్ అయ్యే రోజుల్లో పాలిటీ పుస్తకం మూడుసార్లు చదివాను. ఒక హైలైటర్ అయిపోతే ఇంకోటి కొన్నాను. పరీక్షలో ప్రాథమిక విధుల మీద ప్రశ్న వచ్చింది. వాటిని ఏ సవరణతో రాజ్యాంగంలో చేర్చారు అని. ఆ పేజీ కళ్ల ముందు కనిపిస్తోంది. ఎడమవైపు పేజీ, కింది భాగం, పసుపు రంగు గీత. ఆ గీత మీద ఏం రాసి ఉందో మాత్రం రాలేదు! నాలుగు ఆప్షన్లూ కరెక్టే అనిపించాయి. బయటికొచ్చి, నాకు జ్ఞాపకశక్తి లేదులే అనుకున్నాను.

అసలు తప్పు ఎక్కడుందో తర్వాత అర్థమైంది. మూడుసార్లు చదివాను కానీ, ఒక్కసారి కూడా పుస్తకం మూసి నాకు నేను చెప్పుకోలేదు.

చూడండి, గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. బస్టాండ్‌లో పాత క్లాస్‌మేట్ కనిపిస్తే ముఖం వెంటనే గుర్తుపడతాం. పేరు మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. రెండోసారి చదివేటప్పుడు మనకు "ఆ, ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది కదా, అది ముఖం గుర్తుపట్టడం లాంటిది. పరీక్షలో కావాల్సింది పేరు.

దీని మీద 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక పాఠాన్ని మళ్లీ చదివించారు. ఇంకో పాఠాన్ని మళ్లీ చూపించకుండా, గుర్తున్నంత వరకు కాగితం మీద రాయించారు. 5 నిమిషాల తర్వాత టెస్ట్ పెడితే, మళ్లీ చదివిన పాఠమే ముందుంది: 81 శాతం గుర్తుంది, రాసినది 75. కానీ వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. మళ్లీ చదివినది 42 శాతం, చూడకుండా రాసినది 56 శాతం.

అందుకే మనం మోసపోతాం. రాత్రి రెండుసార్లు తిరగేస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. వారం తర్వాత చూస్తే ఖాళీ.

మరి ఎలా చదవాలి? ఆ ప్రాథమిక విధులనే తీసుకుందాం.

మొదట, ఆ ఒక్క టాపిక్ అర్థం చేసుకుంటూ చదవండి. తర్వాత పుస్తకం మూసేయండి, పీడీఎఫ్ అయితే ఫోన్ బోర్లా పెట్టేయండి. గుర్తున్నది కాగితం మీద రాయండి, లేదంటే వాయిస్ రికార్డర్ ఆన్ చేసి తమ్ముడికి చెప్పినట్టు చెప్పండి. తడబడతారు. ఆ తడబాటులోనే పని జరుగుతోంది, వెంటనే పుస్తకం తెరవకండి. కాసేపు ప్రయత్నించాక తెరిచి, తప్పులు సరిచూసుకోండి. ఇది మాత్రం మానకూడదు, లేకపోతే తప్పే గుర్తుండిపోతుంది.

ఇక హైలైట్ చేసే బదులు దాన్ని ప్రశ్నగా మార్చండి. విధులు ఏ సవరణతో వచ్చాయి? 42వ సవరణ, 1976. మొదట ఎన్ని? 10. మరి 11వది? 86వ సవరణ, 2002. ఇక్కడ "ఎందుకు?" అని కూడా అడగండి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది ఆ సవరణే. పిల్లలకు హక్కు ఇస్తూ, వాళ్లను చదివించే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది. ఇలా ముడిపడితే విడి అంకెలా జారిపోదు.

రెండో విషయం, గ్యాప్. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాలను బట్టీపట్టి, ఎంత మర్చిపోతున్నాడో తన మీదే పరీక్షించుకుని 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అర్థమున్న పాఠం అంత త్వరగా పోదు కానీ, దారి అదే. కాబట్టి అవే ప్రశ్నలు రేపు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి వేసుకోండి. ఈ లెక్క ఫోన్‌కే వదిలేయాలంటే ఆంకీ లాంటి ఫ్లాష్‌కార్డ్ యాప్‌లు ఉన్నాయి.

మన అష్టావధానం ఎప్పుడైనా చూశారా? అవధాని ఒక పద్యంలో ఒక పాదం చెప్పి ఇంకో పృచ్ఛకుడి దగ్గరికి వెళ్తారు. మళ్లీ తిరిగొచ్చినప్పుడు ఎక్కడ ఆపారో కాగితం చూడకుండా అందుకోవాలి. చివర్లో ధారణ, అంటే పద్యాలన్నీ మళ్లీ అప్పజెప్పడం. ఆయన సాధన మన వల్ల కాకపోవచ్చు. గ్యాప్ ఇచ్చి, చూడకుండా అందుకోవడం మాత్రం మనమూ చేయొచ్చు.

చదివే ప్రతిదానికీ ఇది అక్కర్లేదు. నవల హాయిగా చదువుకోండి. మీకు అవసరమైన దానికి మాత్రం చదివే టైమ్‌లో కొంత తీసి, మూసి చెప్పుకోవడానికి ఇవ్వండి.

ఇప్పుడు స్క్రీన్ ఆఫ్ చేసి, ఈ ఎపిసోడ్‌లో విన్నవి మూడు పాయింట్లు ఇంట్లో ఎవరికైనా చెప్పండి. రేపు పొద్దున ఇంకోసారి.