పల్లేరు కాయ - పక్షి ముక్కు

పల్లేరు ముల్లు కాలిలో దిగిన బాధ మనలో చాలామందికి అనుభవైకవేద్యమే. ఆ పల్లేరుకు దగ్గరి చుట్టమైన ఒక మొక్క, పసిఫిక్ మహాసముద్రంలోని గాలపాగోస్ దీవులలో, ఒక చిన్న పక్షికి జీవన్మరణ సమస్య అయినది.

ఆ పక్షి మధ్యరకం నేల ఫించ్. శాస్త్రనామం జియోస్పైజా ఫోర్టిస్. ఇంచుమించు మన పిచ్చుకంత ఉంటుంది. మగది నలుపు, ఆడదానికి గోధుమవన్నె చారలు. పేరు ఫించ్ అయినా, ఇది టానేజర్ కుటుంబానికి చెందినదని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయం. 1835లో ఈ దీవులను దర్శించిన డార్విన్ ఇటువంటి పక్షులను సేకరించాడు గాని, ఏది ఏ దీవిలో దొరికినదో సరిగా వ్రాసిపెట్టుకోలేదు. రికార్డు వ్రాయడానికి బద్ధకించే మన సోదర విద్యార్థులకు ఇది కొంత ఊరట! 1859లో తన గ్రంథాన్ని వెలువరించినప్పుడు సైతం, ప్రకృతివరణం మన కంటికి కనిపించనంత మందగతిలో సాగుతుందనే ఆయన తలచాడు.

పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు దానిని కంటితో చూశారు. 1973 నుండి డాఫ్నీ మేజర్ అనే దీవిలో వారు, వారి సహచరులు పక్షులను వలలతో పట్టి, కాళ్ళకు గుర్తు వలయాలు తొడిగి, ముక్కులు కొలిచి వదలిపెట్టేవారు. దీవి వైశాల్యం అర చదరపు కిలోమీటరైనా లేదు. అందువలన ఏ పక్షి బ్రతికినదీ, ఏది చచ్చినదీ తెలిసేది.

1977లో వానలు ముఖం చాటు చేశాయి. మెత్తని చిన్న గింజలు ముందుగా అయిపోయినవి. మిగిలినవి ప్రధానంగా ముండ్లతో కూడిన ఆ గట్టి కాయలే. మందమైన ముక్కు గలవి వాటిని చిట్లించి గింజ తినగలిగాయి. తక్కినవి ఆకలితో రాలిపోయాయి. సుమారు 1,200 పక్షులలో 180 మాత్రమే మిగిలాయి. వాటి ముక్కుల సగటు మందం మునుపటి సగటుకంటె దాదాపు అర మిల్లీమీటరు ఎక్కువ. అంటే ఒక పెన్సిలు గీత!

ఇక్కడ మనం తరచు పొరబడుతుంటాము. కాయలు కొరికి కొరికి ఏ పక్షి ముక్కూ పెరగలేదు. పుట్టుకతో చిన్న ముక్కు గలవి ఎక్కువగా చచ్చాయి, అంతే. ముక్కు పరిమాణం తల్లిదండ్రుల నుండి సంక్రమించేది కనుక, 1978లో పుట్టిన పిల్లలకూ పెద్ద ముక్కులే వచ్చాయి. జిరాఫీ మెడ బొమ్మకంటె ఈ కొలతలే మన పాఠ్యపుస్తకాలకు శోభనిస్తాయని నా అభిప్రాయం.

1983లో కుంభవృష్టి కురిసింది. చిన్న గింజలు విస్తారమైనవి. ఆ తరువాతి ఎండకాలాలలో చిన్న ముక్కులే మేలయినవి. ఇంతలో మరింత పెద్ద ముక్కు గల వేరొక నేల ఫించ్ జాతి ఆ దీవిలో స్థిరపడింది. 2003, 2004లలో మళ్ళీ అనావృష్టి వచ్చినప్పుడు గట్టి కాయలను ఆ కొత్త పొరుగువారే చాలవరకు ఖాళీ చేశారు. 1977లో ప్రాణం నిలిపిన పెద్ద ముక్కు ఈసారి ప్రాణాంతకమైనది. 2005 నాటికి మన పక్షి ముక్కు సగటున చిన్నదయింది.