చతురంగ ద్విగుణసంఖ్య - పాఠనిర్ణయమున గణితసాక్ష్యము

రాజరాజనరేంద్రుడు నారాయణభట్టునకు కోనసీమయందలి నందంపూడిని దానమొసంగిన విషయము సాహిత్యపరులకు విదితమే. పిఠాపురప్రాంతమునందలి నవఖండవాడ ఆ ప్రభువు వలననే పావులూరివారి వంశమునకు సంక్రమించినది. ఆ వంశమునకు చెందిన మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును సారసంగ్రహగణితమను పేర ఆంధ్రీకరించెను. చతురంగ ద్విగుణసంఖ్యను భూతసంఖ్యలలో చెప్పు వృత్తమొకటి ఆయన పేర ప్రసిద్ధము.

చదరంగపు బల్లయందు 64 గళ్లు గలవు. మొదటిగడియందొక గింజ, రెండవదానియందు రెండు, మూడవదానియందు నాలుగు, ఇట్లు ద్విగుణించుచు పోయినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలగును. ఇది 64 మార్లు ద్విగుణించిన ఫలమునకు ఒకటి తక్కువ. దీనియందు 20 అంకములు గలవు. అంకములకు వామగతి గనుక పద్యము కడపటి 5తో ఆరంభమగును.

ఇట్టి పద్యములందు లేఖకదోషము సులభము. 'నగ' యనగా 7, 'నాగ' యనగా 8. దీర్ఘమొక్కటి చేరినచో సంఖ్య మారును. అయితే లఘువు గురువగుటచే ఛందోభంగము కలిగి దోషము బయటపడును. 'రంధ్ర' శబ్దము విషయమున ఛందస్సు తోడ్పడదు. శరీరమందలి నవద్వారములనుబట్టి అది 9కి వాచకము. శూన్యార్థమున 0కును వాచకముగా కోశములందు గలదు. ప్రకృతసంఖ్యలో ఎడమనుండి 14వ స్థానమున దీనికి ఏ విలువ గ్రాహ్యము?

ప్రాచీనమైన నవశేషపరీక్ష యిచట విఫలము. 9 గ్రహించినచో అంకముల మొత్తము 87, 0 గ్రహించినచో 78. రెంటికిని శేషము 6 మాత్రమే.

సంఖ్యాస్వభావమే నిర్ణాయకము. ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధానసంఖ్యల గుణితము. వీనిలో 641, 6700417 అనువాని లబ్ధమైన 4294967297ను ఫెర్మా ప్రధానసంఖ్యగా తలచెను. అది కాదని 1732లో ఆయిలర్ నిరూపించెను. పాఠపరీక్షకు వీనిలో 17 ఒక్కటి చాలును. 'రంధ్ర'మును 0గా గొన్నచో సంఖ్య 90,00,000 తగ్గును. 90,00,000 అనునది 17 చేత నిశ్శేషముగా భాగింపబడదు. కావున తగ్గిన సంఖ్యయు భాగింపబడదు. 9 యే గ్రాహ్యము.

ఏ ఒక్క అంకము మారినను, పక్కపక్కనున్న విభిన్నాంకములు రెండు తారుమారైనను ఈ పరీక్షకు దొరకును. మొదటిచోట భేదము 10 లోపలి సంఖ్యకును 10 యొక్క ఘాతమునకును లబ్ధము. రెండవచోట దానికి 9 కూడ గుణకమగును. ఏదియు 17 చేత భాగింపబడదు.

అయినను ఈ సాక్ష్యమునకు అవధి గలదు. 'వేద', 'శ్రుతి' శబ్దములు రెండును 4నే చెప్పును. వానిలో కవిప్రయుక్తమేదో గణితము చెప్పజాలదు. అది ఛందస్సునకును తాళపత్రమునకును విషయము. సంఖ్య సరిపడినంతమాత్రమున పరిష్కర్త తనకు నచ్చిన పదమును మూలమందు చేర్చరాదు. సంఖ్య తప్పినచోటను ప్రతియందలి పాఠమును అడుగున చూపియే సవరింపవలెను. అర్థమును గణితము కాపాడును, అక్షరమును ప్రతులు కాపాడును.