జొన్నాడ వద్ద గౌతమి: భారతదేశ భూస్వరూపాల పరస్పర సంబంధం

వ్యాససంగ్రహం:
భారతదేశ భూస్వరూపాలను హిమాలయాలు, ఉత్తర మైదానం, ద్వీపకల్ప పీఠభూమి, థార్ ఎడారి, తీరమైదానాలు, దీవులు అని ఆరు విభాగాలుగా బోధించడం పరిపాటి. గుర్తుంచుకోవడానికి ఈ విభజన అనువైనదే. అయితే ఒక భూస్వరూపం మరొకదాన్ని ఎలా నిర్మిస్తున్నదో ఇది తెలపదు. గౌతమీ తీరంలోని జొన్నాడను ఆధారంగా చేసుకొని, తీరమైదానం పీఠభూమి నుంచి వచ్చే ఒండ్రుమట్టితో ఏర్పడిందనీ, ఆ మట్టి రాక తగ్గితే డెల్టా ఉనికికే ముప్పు కలుగుతుందనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గోదావరి, గౌతమి, జొన్నాడ, డెల్టా, ఒండ్రుమట్టి, లంకభూములు, ఏటిగట్టు.

ఉపోద్ఘాతం:
జొన్నాడ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా, ఆలమూరు మండలంలోని గ్రామం. 16వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ గౌతమిని దాటి ఆవలి ఒడ్డున ఉన్న రావులపాలెం చేరుతుంది. గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రం వరకు వ్యాపించిన భూభాగానికి కోనసీమ అని సంప్రదాయ వ్యవహారం. ఆ అర్థంలో రావులపాలెం కోనసీమకు ముఖద్వారం కాగా, గౌతమికి ఎడమ ఒడ్డున ఉన్న జొన్నాడ దానికి వెలుపలిది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లా మాత్రం రెండు ఒడ్డులనూ తనలో కలుపుకొన్నది. పరిపాలనా సరిహద్దులు, భూస్వరూప సరిహద్దులు ఒకటి కావనడానికి ఇది చక్కని ఉదాహరణ. భూస్వరూపాల మధ్య గీసే సరిహద్దులను కూడా ఇదే దృష్టితో పరిశీలించవలసి ఉంది.

1. పీఠభూమి నుంచి తీరమైదానానికి:
గోదావరి మహారాష్ట్రలోని నాసిక్ సమీపంలో, త్ర్యంబకేశ్వరం వద్ద పడమటి కనుమలలో పుడుతుంది. అక్కడికి అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, దక్కను పీఠభూమి తూర్పువైపు వాలి ఉండటం వల్ల నది 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం సుమారు 3.13 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇది దేశ విస్తీర్ణంలో పదో వంతుకు కొంచెం తక్కువ.

ఈ ప్రాంతంలో దాదాపు సగం అగ్నిపర్వత లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్టు శిలలతో నిండి ఉంది. ఆ శిలలు శిథిలమై నల్లరేగడిగా మారుతాయి. మధ్యభాగంలో నది బొగ్గు నిక్షేపాలు గల గోండ్వానా శిలల పల్లం గుండా సాగుతుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వంటి ఉపనదులు విదర్భ, బస్తరు, ఒడిశా ప్రాంతాల వర్షపు నీటిని తెచ్చి కలుపుతాయి. ఆపై నది పాపికొండల వద్ద తూర్పు కనుమలను చీల్చుకొని మైదానంలోకి దిగుతుంది. వాలు తగ్గగానే వేగం తగ్గుతుంది, మోసుకువచ్చిన మట్టి నిలుస్తుంది. కనుక జొన్నాడ తీరమైదాన విభాగంలోకి వచ్చినా, అక్కడి మట్టి పుట్టిల్లు పీఠభూమి, కనుమలే.

పీఠభూమి నదులన్నీ ఇలా డెల్టాలను నిర్మించలేదు. పగులులోయల గుండా పడమరకు ప్రవహించే నర్మద, తపతి సముద్రంలో కలిసే చోట విశాలమైన డెల్టాలు లేవు. వాలు, లోయ స్వభావం, మట్టి పరిమాణం, సముద్రపు అలల తీరు కలిసి నదీముఖ రూపాన్ని నిర్ణయిస్తాయి.

2. డెల్టాలోని ఉపరూపాలు:
ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ వేరవుతుంది. గౌతమి యానాం మీదుగాను, వసిష్ఠ అంతర్వేది వద్దను సముద్రాన్ని చేరుతాయి.

పటంలో డెల్టా చదునుగా కనిపించినా, స్థానిక భాష అందులోని ఎత్తుపల్లాలను స్పష్టంగా గుర్తించింది. నదీగర్భంలో మేటవేసిన భూమి లంక, ఎత్తైన నేల మెరక, నీరు నిలిచే నేల పల్లం. సముద్రం వెనక్కు తగ్గిన కొద్దీ పాత తీరరేఖల వెంట మిగిలిన ఇసుక దిబ్బలు మెరకలై ఊళ్లకు, కొబ్బరితోటలకు ఆధారమయ్యాయి. వాటి నడుమ పల్లాలలో వరి పండుతుంది. ఈ పదాలు భూస్వరూపశాస్త్ర పరిభాషకు సిద్ధంగా ఉన్న తెలుగు సంపద.

3. నీటి పంపకం, ఒండ్రు కొరత:
ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847-1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం జరిగింది. తరువాత దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. ఇక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు సాగుతాయి. జొన్నాడ తూర్పు డెల్టాకు, రావులపాలెం మధ్య డెల్టాకు చెందుతాయి.

1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇటువంటి వరదల నుంచి ఊళ్లను కాపాడేవి ఏటిగట్లు. అయితే గట్టుకు లోపలి లంకభూమికి వరద ముప్పుతో పాటు కొత్త ఒండ్రు కూడా దక్కుతుంది. గట్టు వెలుపలి పొలానికి రక్షణ ఉంది, కానీ పూర్వపు వరదలు పరచిన కొత్త మట్టిపొర లేదు.

ఎగువ జలాశయాలు ఈ కొరతను మరింత పెంచాయి. 1970వ దశకంలో నది ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 1990వ దశకానికి అది 6 కోట్ల టన్నుల కంటే తక్కువకు పడిపోయింది. డెల్టా మట్టి తన బరువుకు తానే క్రమంగా కుంగుతుంది. ఆ కుంగుబాటును పూడ్చేది కొత్త మట్టే. అది తగ్గి, సముద్రమట్టం పెరిగితే తీరం కోతకు గురవుతుంది, ఉప్పునీరు పాయల వెంట లోపలికి చొరబడుతుంది.

ముగింపు:
1. భూస్వరూప విభాగాలు స్వతంత్ర ఖండాలు కావు. గోదావరి విషయంలో పీఠభూమి కోత, తీరమైదాన నిర్మాణం ఒకే ప్రక్రియకు రెండు కొసలు.
2. జలాశయాల ప్రయోజనాన్ని లెక్కించేటప్పుడు నిలిచిన నీటితో పాటు ఆగిపోయిన మట్టిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.
3. లంక, మెరక, పల్లం వంటి పదాలను పాఠ్యాంశాలలో చేర్చితే, విద్యార్థి తన ఊరి నేల నుంచే దేశ భూగోళాన్ని అర్థం చేసుకోగలడు.
4. డెల్టా ఒకసారి ఏర్పడి స్థిరపడిన భూమి కాదు. ఏటా మట్టి చేరుతున్నంతకాలమే అది నిలబడుతుంది. జొన్నాడ దిగువన కోనసీమ భవిష్యత్తు ఎగువనున్న రాష్ట్రాల నిర్ణయాలతో ముడిపడి ఉండటానికి కారణం ఇదే.