పాత లీవర్ యాక్షన్ రైఫిల్ కొనవచ్చా? దానితో వేటాడవచ్చా? చట్టం చెబుతున్నదేమిటి?

బిలాస్‌పుర్ జంక్షన్‌కు తూర్పున, హావ్‌డా వైపు వెళ్లే ప్రధాన రైలు మార్గం పక్కన ఉంటుంది లాల్‌ఖదాన్. ఖదాన్ అంటే హిందీలో గని. 2025 నవంబరు 4న జరిగిన రైలు ప్రమాదంతో ఈ పేరు దేశమంతటా వినిపించింది. అంతకు ముందు బయటివారికి అంతగా తెలియని రైల్వే బస్తీ ఇది. బెంగాల్ నాగ్‌పుర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఉద్యోగాల కోసం బిలాస్‌పుర్ చేరుకున్నారు. వారి మూడో తరం, నాలుగో తరం ఇప్పుడు ఇక్కడ నివసిస్తోంది.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. తాతగారు కాలం చేశారు. ఆయన గదిలోని ఇనప్పెట్టెలో నూనెగుడ్డ చుట్టిన ఒక రైఫిల్ ఉంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప వలయమే మీటగా కిందికి తెరుచుకుంటుంది. దాన్ని కిందికి లాగి పైకి మూస్తే పాత తూటా గుల్ల బయటపడి, కొత్త తూటా గొట్టంలోకి వెళ్తుంది. ఇదే లీవర్ యాక్షన్. మేనల్లుడికి ఆ తుపాకీ అంటే మోజు. ‘మామయ్యా, అది నాకు అమ్మేయండి, డబ్బు ఇచ్చేస్తాను’ అంటాడు. ఆ మాట ప్రకారం తుపాకీ ఆ సాయంత్రమే చేతులు మారితే, రాత్రికల్లా ఇద్దరూ నేరస్థులవుతారు. నిజానికి మామయ్య అప్పటికే నేరం అంచున ఉన్నాడు. కారణం, లైసెన్సు మనిషికి ఇస్తారు, తుపాకీకి కాదు. తాతగారితోనే ఆ లైసెన్సు కూడా ముగిసిపోయింది.

‘బిగ్ గేమ్’ ఒకప్పుడు చట్టంలో ఉన్న మాటే

లీవర్ యాక్షన్ రైఫిల్ పేరు వినగానే అమెరికా పశువుల కాపరులు గుర్తుకొస్తారు. అయితే తెలుగు నేలతోనూ దానికి సంబంధం ఉంది. బెంగళూరుకు చెందిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) ఎక్కువగా వాడినది .405 బోర్ వించెస్టర్ 1895 మోడల్. చిత్తూరు జిల్లా చామల లోయలో, నల్లమలలో మనుషులను చంపిన పులుల గురించి ఆయన రాసిన కథల్లో ఆ రైఫిల్ కూడా దాదాపు ఒక పాత్రే. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికా వేటకు తీసుకెళ్లినదీ ఆ మోడలే. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ తుపాకీలో తూటాలు గొట్టం కింది పొడవాటి నాళంలో కాకుండా, ట్రిగ్గర్ ముందున్న పెట్టెలాంటి మ్యాగజైన్‌లో ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఈ తేడా ప్రాముఖ్యం కిందికి వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

నేటి ఛత్తీస్‌గఢ్ ఉత్తర భాగంలో వేట చరిత్ర మరింత చేదుగా ఉంటుంది. 1947లో కొరియా సంస్థానాధీశుడు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ చేతిలో మూడు చీతాలు చనిపోయాయి. దేశంలో మిగిలిన చివరి చీతాలు అవేనని భావిస్తారు. 1952లో ఆ జాతి భారత్‌లో అంతరించినట్లు ప్రకటించారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినప్పుడు కూడా వేట పూర్తిగా ఆగిపోలేదు. ఆ చట్టం తొలి రూపంలో ‘స్పెషల్ గేమ్’, ‘బిగ్ గేమ్’, ‘స్మాల్ గేమ్’ అనే వేర్వేరు వేట లైసెన్సులు ఉండేవి. ఇంట్లో పాత కాగితాల మధ్య అలాంటి పత్రం కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. కానీ దానికి ఇప్పుడు విలువ లేదు. 1991 సవరణతో ఆ లైసెన్సుల వ్యవస్థనే తొలగించారు. అందువల్ల ‘పెద్ద జంతువుల వేట కోసం రైఫిల్ కొంటున్నాను’ అనే మాటకు నేడు భారతదేశంలో చట్టబద్ధమైన అర్థం లేదు.

మినహాయింపులు కొన్నే. వాటిలో ముఖ్యమైనది ఇది: మనుషుల ప్రాణానికి ముప్పుగా మారిన జంతువును చంపేందుకు 11వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వకంగా, కారణాలు చూపుతూ అనుమతి ఇవ్వవచ్చు. తుపాకీ ఉన్నవారెవరైనా వెళ్లి కాల్చడానికి ఇది అనుమతి కాదు. 2018 నవంబరులో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని హైదరాబాద్‌కు చెందిన షూటర్ కాల్చి చంపినప్పుడు, ప్రభుత్వమే పిలిపించినా ఆ వ్యవహారం న్యాయస్థానాల దాకా వెళ్లింది. అనుమతి లేకుండా వేటాడితే శిక్షతో పాటు, అందుకు వాడిన ఆయుధం, వాహనం ప్రభుత్వ ఆస్తి అవుతాయి. తాతగారి జ్ఞాపకం అని చెప్పుకున్నా తిరిగి రాదు.

ముందు కాగితం, తర్వాతే తుపాకీ

వేటకు కాకపోయినా ఆత్మరక్షణకో, లక్ష్య సాధనకో, కుటుంబ వారసత్వంగానో ఆ రైఫిల్‌ను ఉంచుకోవడానికి 1959 నాటి ఆయుధాల చట్టం దారి మూసెయ్యలేదు. కాకపోతే ఆ దారి ఇరుకైనది. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. జిల్లా మేజిస్ట్రేట్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి, పోలీసు విచారణ జరగాలి. గొట్టం లోపల గాడులు లేని తుపాకీకి చట్టం కొంత ఉదారంగా ఉంటుంది. రైఫిల్ విషయానికి వస్తే, అది ఎందుకు అవసరమో అధికారిని ఒప్పించగల కారణం చూపాలి. ఆ కారణాల్లో వేట ఉండదు.

వారసులకు 2016 ఆయుధాల నియమాలు కొంత వెసులుబాటు కల్పించాయి. లైసెన్సుదారు మరణించాక వారసులు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన బతికి ఉండగానే, 70 ఏళ్లు నిండాక గానీ, తుపాకీ 25 ఏళ్లు ఆయన వద్ద ఉన్నాక గానీ, తాను సూచించిన వారసుడి పేరిట లైసెన్సుకు వీలుంది. చాలా కుటుంబాలు ఈ రెండో అవకాశాన్ని వాడుకోవు. పెద్దాయన ఉండగా తుపాకీ మాట ఎత్తడం బాగుండదనే మొహమాటం, ఆ తర్వాత పిల్లల్ని కచేరీల చుట్టూ తిప్పుతుంది.

2019 సవరణతో ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. వారసత్వంగా వచ్చేవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇప్పటికే రెండు తుపాకులున్న కొడుకుకు తండ్రి రైఫిల్ రాదు.

మరి మేనల్లుడి సంగతి? అతడికి ముందుగా తన పేరిట లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న వ్యక్తి తన తుపాకీని అర్హుడైన మరొకరికి అమ్మవచ్చు. అయితే కొనేవారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ, సమీప పోలీస్ స్టేషన్ అధికారికి గానీ లిఖితపూర్వకంగా తెలపాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. బంధుత్వం ఆ గడువును ఒక్క రోజు కూడా తగ్గించదు. లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి ద్వారా కొంటే కాగితాల బాధ్యతలో కొంత భాగం దుకాణం మీద పడుతుంది. మొదటిసారి కొనేవారికి ఈ దారే మేలు.

అమ్మే వ్యక్తి శ్రీకాకుళంలో, కొనే వ్యక్తి లాల్‌ఖదాన్‌లో ఉంటే ఇంకో చిక్కు ఉంది. ప్రతి లైసెన్సులో అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో రాసి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌కే పరిమితమైన లైసెన్సుతో తుపాకీని రైలెక్కించి సొంతూరికి తీసుకెళ్లడం నేరం. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారులు వన్యప్రాణి విభాగం వద్ద కూడా పేరు నమోదు చేయించుకోవాలి. లాల్‌ఖదాన్ ఆ పరిధిలోకి రాదు. కానీ అచానక్‌మార్ అడవి అంచు గ్రామాల్లో బంధువులున్నవారు ఈ నిబంధనను గుర్తుంచుకోవాలి.

లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. అది నిషిద్ధ ఆయుధమైతే శిక్ష ఏడేళ్లతో మొదలై 14 ఏళ్ల వరకు వెళ్తుంది.

గొట్టం మీద అంకె ఏమిటి?

ఆ ఏడేళ్ల శిక్షకూ పాత లీవర్ యాక్షన్ రైఫిల్‌కూ సంబంధం లేదనుకోకూడదు. ప్రతి తూటాకూ మీట లాగాల్సిన తుపాకీ కాబట్టి, పనిచేసే తీరును బట్టి చూస్తే ఇది నిషిద్ధం కాదు. చిక్కు బోర్‌తోనే. సైన్యం, పోలీసులు వాడే .303, 7.62 మిల్లీమీటర్ల తూటాలను పేల్చే రైఫిళ్లను నిబంధనలు నిషిద్ధ వర్గంలో చేర్చాయి. ఆండర్సన్ వాడిన 1895 మోడలే .405తో పాటు .303లోనూ తయారైంది. పైకి చూస్తే రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. అందుకే బేరం మొదలుపెట్టక ముందే గొట్టం మీద చెక్కిన బోర్, అడుగున ఉన్న సంఖ్య, లైసెన్సులో రాసిన వివరాలు మూడూ ఒకటేనా కాదా అన్నది చూడాలి. ఒక్క అంకె తేడా ఉన్నా ముందుకు వెళ్లకూడదు.

సైనిక తూటాలపై ఈ భయం కొత్తది కాదు. 20వ శతాబ్దం తొలి దశకంలోనే బ్రిటిష్ ప్రభుత్వం .450 బోర్ రైఫిళ్లను భారత్‌కు రానివ్వలేదు. దాంతో ఇంగ్లండ్ తయారీదారులు .465, .470 వంటి కొత్త బోర్లు సృష్టించి షికారీలకు అమ్ముకున్నారు.

కాగితాలు సరిపోయాకే వస్తువు నాణ్యత ప్రశ్న వస్తుంది. ముందుగా మీట తెరిచి, గొట్టం వెనుక గది ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. నాళం ఉన్న 1894 మోడల్ వంటి వాటిలో ఒక తూటా లోపలే ఇరుక్కుని ఏళ్ల తరబడి ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆ నాళంలో తూటాలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి కాబట్టి మొనదేలిన తూటాలు వాడకూడదు. అదిరినప్పుడు వెనుక తూటా మొన ముందు దాని మందుబిళ్లను పొడిస్తే చేతిలోనే పేలుతుంది. 1895 మోడల్‌కు పెట్టె మ్యాగజైన్ ఇచ్చిన సౌలభ్యం ఇదే.

తర్వాత గొట్టంలోకి వెలుగు పంపి చూడాలి. పాతకాలపు మందుబిళ్లల్లోని ఉప్పు గొట్టంలో మిగిలి, వానకాలపు తేమను పీల్చి లోపల గుంటలు పెడుతుంది. ఈ తరహా తుపాకుల వెనుక భాగం మూసి ఉంటుంది. అందువల్ల శుభ్రం చేసే కడ్డీని మూతి వైపు నుంచే దూర్చుతారు. తరతరాలుగా అలా రుద్దితే మూతి అంచు అరిగి గురి తప్పుతుంది. కొనేవారు ఎక్కువగా మరిచిపోయేది ఈ మూతినే. కర్ర భాగంలో చేతి పట్టు సన్నబడే చోట పగులు, మీటలో అతిగా కదలిక, సగం ఎక్కించి ఉంచిన సుత్తి ట్రిగ్గర్ నొక్కితే జారిపడటం వంటివి కనిపిస్తే వదిలేయడం మంచిది. గొట్టం వెనుక తూటా అమరే ఖాళీని కొలవడం లైసెన్సు ఉన్న తుపాకీ మిస్త్రీ పని. పేల్చి చూడాలంటే అనుమతి ఉన్న రేంజ్‌లోనే.

ఇవన్నీ బాగున్నా తూటాల సమస్య మిగిలే ఉంటుంది. సాధారణ లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి దశాబ్దాలుగా దాదాపు మూసుకుపోయింది. దేశీయంగా దొరికే క్రీడా రైఫిల్ అంటే ప్రధానంగా ఈశాపుర్ కర్మాగారం తయారుచేసే .315 బోల్ట్ యాక్షనే. దాని తూటా వించెస్టర్‌లో పట్టదు. పాత పెట్టెలో దొరికిన ముప్పై, నలభై ఏళ్ల నాటి తూటాలు ఎప్పుడు పేలతాయో, పేలవో చెప్పలేం. పైగా లైసెన్సు లేకుండా వాటిని ఉంచుకోవడమూ నేరమే. ఖరీదు పెట్టి కొన్న రైఫిల్ చివరికి గోడకు వేలాడే అలంకారమయ్యే అవకాశమే ఎక్కువ. ఆ అలంకారానికి కూడా లైసెన్సు కావాలి, ఐదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి, ఎన్నికల వేళ అధికారులు ఆదేశిస్తే తీసుకెళ్లి అప్పగించాలి.

ఇంట్లో తుపాకీ బయటపడిన కుటుంబం మొదట చేయాల్సింది కొనేవారిని వెతకడం కాదు. ఆలస్యం చేయకుండా దాన్ని, తూటాలతో సహా, సమీప పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న వ్యాపారి వద్ద గానీ జమ చేయాలని చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. ముందుగా స్టేషన్‌కు ఫోన్ చేసి విషయం చెప్పడం సురక్షితం. అలా జమ చేసినంత మాత్రాన హక్కు పోదు. నిర్దేశించిన గడువులోపు వారసుడికి లైసెన్సు వస్తే తిరిగి తీసుకోవచ్చు. రాకపోతే అర్హులకు అమ్మి ఆ డబ్బు పొందవచ్చు. అందుకు ఆధారం జమ రసీదే. తుపాకీ సంఖ్య, బోర్, తూటాల లెక్క అందులో సరిగా రాశారో లేదో అక్కడే చదివి చూసుకోవాలి.