"అదేం పిట్ట?" అని పిల్లలు అడిగితే.. బర్డ్ క్లబ్బుల్లో అసలేం చేస్తారు?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోనసీమ కాలువ గట్ల మీద, కోతలైన చేలల్లో కొత్త పిట్టలు దిగుతాయి. మధ్య ఆసియా, సైబీరియా వైపు చలి ముదిరితే బాతులు, ఉల్లంకులు వేల కిలోమీటర్లు ఎగిరి ఇటు వస్తాయి. "అమ్మీ, అదేం పిట్ట?" అని పిల్లలు అడుగుతారు. "ఏదో కొంగలే" అని పెద్దవాళ్లు తేల్చేస్తారు. ఆ "ఏదో"కి అసలు పేరు వెతికే పనే బర్డ్ క్లబ్‌ది.

తెలుగువాళ్లకు బాగా దగ్గరైన క్లబ్ హైదరాబాద్‌ది. 1980లో 'బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' పేరుతో మొదలైంది. ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. నెలకోసారి తెల్లవారుజామున చెరువుకో అడవికో వెళ్తారు, మరో రోజు హాల్లో కూర్చుని ప్రసంగం వింటారు. 'పిట్ట' అని వాళ్లకో చిన్న పత్రిక కూడా ఉంది. ఈ క్లబ్‌కు చెందిన సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి 1989లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని పక్షుల జాబితా అచ్చు వేశారు.

పక్షులు చూడటానికి పొద్దున్నే వెళ్లాలి. ఎండెక్కితే అవి నీడకు పోతాయి. ఫజర్ నమాజ్‌కు లేచే ఇళ్లలో దీనికోసం కొత్తగా అలారం పెట్టక్కర్లేదు. ముదురు రంగు బట్టలు, నీళ్ల సీసా, ఒక నోటు పుస్తకం, ఉంటే బైనాక్యులర్ చాలు. దాని మీద 8x42 అని రాసి ఉంటే వస్తువు ఎనిమిది రెట్లు దగ్గరగా కనబడుతుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. ఇంకా పెద్ద నంబరైతే మంచిదనుకుని కొనేస్తారు గానీ, చేతి వణుకు కూడా అంతే పెద్దదై కనిపిస్తుంది.

అక్కడ జరిగేది దాదాపు షాపులో స్టాకు లెక్కే. ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది రాస్తారు. కాకిని, గోరువంకను కూడా వదలరు. అరుదైనవే రాసి మామూలువి వదిలేస్తే, పదేళ్ల తర్వాత మామూలువి తగ్గాయో లేదో ఎవరూ చెప్పలేరు. ఊరపిచ్చుకల విషయంలో చాలా ఊళ్లలో జరిగింది ఇదే. తగ్గాయని అందరూ అంటారు, పాత లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఇంకో నియమం, గూటి దగ్గరకు పోకూడదు, ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవకూడదు. శత్రువు వచ్చిందనుకుని తల్లి గుడ్లు వదిలి లేస్తుంది, ఆ కాసేపట్లోనే కాకి పని కానిచ్చేస్తుంది.

మన దేశంలో ఈ విద్యకు పెద్ద పేరు సలీం అలీ. 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడు తాను ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక మెడ మీద పసుపు మచ్చ ఎందుకుందో తెలుసుకోవాలని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. ఆయన చదువుల్లో వాణిజ్య న్యాయం, అకౌంటెన్సీ కూడా ఉన్నాయి (కామర్స్ పిల్లలకు ఈ సంగతి చెప్పాలి). 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. భార్య తెహ్మినా ఆయన సర్వేల్లో వెంట ఉండేవారు. ఆడవాళ్లకు ఈ తిరుగుడెందుకు అనేవాళ్లకు తొంభై ఏళ్ల కిందటే దొరికిన జవాబిది.

కోనసీమలో చూడటానికి దూరం పోనక్కర్లేదు. అంతర్వేదిలో వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలిసే చోట్ల ఇసుక మేటలున్నాయి, అటుపోట్లున్నాయి. నీరు వెనక్కి తీసినప్పుడు బురదలో పురుగులు బయటపడి పిట్టలు గుంపుగా వాలతాయి. అసలు వైనతేయుడంటేనే గరుత్మంతుడు, నది పేరులోనే పక్షి ఉంది! గౌతమికి ఆవల, కాకినాడ వైపు 1978లో ఏర్పడ్డ కోరింగ అభయారణ్యం మడ అడవులు ఉన్నాయి. ఏటా జనవరిలో ఆసియా దేశాలన్నీ కలిసి చేసే నీటిపక్షుల లెక్కింపు అక్కడా జరుగుతుంది.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరులో విశాఖను ఊపేసిన తుఫానుగా తెలుగువాళ్లందరికీ ఆ పేరు తెలుసు. ఒమన్ పెట్టిన పేరది. ఖుర్ఆన్‌లో నమ్ల్ సూరాలో సులైమాన్ అలైహిస్సలాంకు సబా రాణి కబురు తెచ్చిన పక్షి అదే. తెలుగులో కూకుడు గువ్వ అంటారు. తల మీద విసనకర్ర లాంటి జుట్టు, పొడవాటి ముక్కు, రెక్కల మీద నలుపు తెలుపు చారలు. మదర్సాలో పేరు చదివిన పిల్లాడికి అదే పిట్ట మైదానంలో నేల పొడుస్తూ కనిపిస్తే ఆ పాఠం ఇక మరిచిపోడు.

ఇప్పుడు ఇంట్లోవాళ్లకు కాస్త ఇబ్బందిగా అనిపించే సంగతి. పంజరంలో రామచిలుకను పెంచడం నేరం. 2018 నుంచి అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, కొనడం, అమ్మడం, పెంచడం ఏదీ కుదరదు. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. లవ్‌బర్డ్స్ అని అమ్మే చిన్న రంగు చిలుకలు మన దేశపు పక్షులు కావు కాబట్టి వాటి సంగతి వేరు.

"మా తాతల నుంచీ పెంచుతున్నాం, బిడ్డలా చూసుకుంటాం" అంటారు. నిజమే కావచ్చు. కానీ బజారుకొచ్చే ప్రతి చిలుకా చెట్టు తొర్రలోంచి పిల్లగా ఉన్నప్పుడు తీసిందే. అది చేతికొచ్చే లోపు దారిలో చచ్చినవి ఎన్నో కొన్నవాళ్లకు కనబడవు.

సదకా పేరుతో పంజరం పిట్టలు కొని వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఉద్దేశం మంచిదే, లెక్క మాత్రం తిరగబడుతుంది. గిరాకీ ఉందని వలవాడు రేపు ఇంకో పది పడతాడు. ఆ డబ్బుతో ఎండాకాలం మేడ మీద నీళ్ల మూకుడు పెడితే ఏ పిట్టనూ పట్టే పనిలేదు.

ఇంట్లో ఇప్పటికే చిలుక ఉంటే భయపడి కిటికీలోంచి వదిలేయొద్దు. చేతి తిండికి అలవాటైనది, రెక్కలు కత్తిరించినది బయట బతకదు, పిల్లికో కాకికో దొరికిపోతుంది. అటవీ శాఖ వాళ్లకు చెప్పి అప్పగించడమే దారి.

క్లబ్ లేకపోయినా మొదలుపెట్టొచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' చేస్తుంది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట ఉండి కనిపించినవన్నీ లెక్కపెట్టి 'ఈబర్డ్' యాప్‌లో ఎక్కించాలి. యాప్‌కు డబ్బు కట్టక్కర్లేదు. పేరు తెలియకపోతే 'మెర్లిన్' అనే మరో ఉచిత యాప్ ఫొటో చూసి చెబుతుంది. కొబ్బరి తోట గట్టు మీద నుంచైనా, మసీదు ముందు వేపచెట్టు కింద నుంచైనా లెక్క చెల్లుతుంది.